ఆమె వంతు గోలీ

"ఈమె బీపీ గోలీలు రోజూ వేసుకుంటుందా?" అని సూర్యాపేట ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది.

"వేసుకుంటది మేడం. ఒక్కరోజు గూడ తప్పియ్యదు" అన్నాను.

నా భార్య యశోద అప్పుడు మా ఇద్దరి మధ్య స్ట్రెచర్ మీద ఉంది. మూతి ఒక పక్కకు పోయింది. కుడి చెయ్యి తనది కానట్టు పక్కన పడి ఉంది. మాట లేదు. చెవులు మాత్రం పనిచేస్తున్నాయి. నేను చెప్పింది ఆమె విన్నది. అది అబద్ధమని నాకెంత తెలుసో ఆమెకూ అంతే తెలుసు.

ఇది రాయమని నన్నెవరూ అడగలేదు. గండం గడిచిందనే డాక్టర్లు అంటున్నారు. రాస్తే నా మనసు కొంచెం కుదుటపడుతుందేమోనన్న ఆశ ఉంది. మా చుట్టుపక్కల ఊళ్లలో నాలాంటి మగవాళ్లు ఇంకా ఉన్నారని కూడా నాకు తెలుసు. వాళ్లలో ఒక్కరైనా ఇది చదివి రేపు పొద్దున చాయ గ్లాసు పక్కన ఏముందో ఒకసారి చూసుకుంటే చాలు.

నిరుడు ఎండాకాలం

మాది మఠంపల్లి దగ్గర ఊరు. సాగర్ కాలువ కింద వరి పండిస్తాం. ఒకప్పుడు సహకార సంఘంలో డైరెక్టరుగా చేశాను. ఈసారి సర్పంచ్‌గా నిలబడాలని చాలా ముందునుంచే ఊళ్లో తిరుగుతున్నాను. చావైనా పెళ్లైనా ముందు నేనే ఉండేవాణ్ణి. ఊరి వాళ్లు నన్ను "పటేలా" అని పిలుస్తారు. ఆ పిలుపు వినడం నాకు ఇష్టం. అది కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే నా తప్పు మొదలైంది అక్కడే.

యశోదకు బీపీ ఉందని అంతకు ముందు ఏడాదే తేలింది. నెలకోసారి ఊళ్లోని పల్లె దవాఖానకు వెళ్లి, చూపించుకుని, నెలకు సరిపడా గోలీలు తెచ్చుకునేది. ఎండలు ముదిరిన రోజుల్లో దవాఖాన సిస్టర్, ఆశా కార్యకర్త కమ్లి ఇంటింటికీ తిరుగుతూ మా ఇంటికి వచ్చారు. కమ్లిది మా ఊరి పక్క తండా. ఆమె మామ ఒకప్పుడు మా పొలంలో జీతం ఉన్నాడు.

"ముప్పై దాటినోళ్లందరికీ బీపీ సూస్తున్నం పటేలా. నువ్వు గూడ కూసో" అంది కమ్లి.

నవ్వుకుంటూ చెయ్యి చాపాను. పట్టీ బిగిసి వదిలింది. సిస్టర్ ఏమీ అనకుండా మళ్లీ కట్టింది. ఆ రెండోసారి కట్టడం నాకు నచ్చలేదు.

"ఎక్కువుంది సర్. ఇంకొకసారి చూసి డాక్టర్ గారికి చెప్పాలి. ఎల్లుండి దవాఖానకు రండి" అంది సిస్టర్.

"మిషన్ ఖరాబైంది. నేను గిప్పుడే ఎండల పడి వచ్చిన. ఎవలికైన గట్లనే ఉంటది."

"మిషన్ ఖరాబైతే మా అందరికీ గంతే సూపియ్యాలె గద పటేలా" అని కమ్లి నవ్వింది.

"నీ సదువు నాకు సెప్పకు" అన్నాను. ఆ పిల్ల నవ్వు ఆగిపోయింది. యశోద లోపలికి వెళ్లి ఇద్దరికీ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. నా మాటలకు ఆమె మజ్జిగ పొయ్యడం మా ఇంట్లో కొత్త కాదు.

నేను దవాఖానకు వెళ్లలేదు. అది పంచాయతీ ఆఫీసు పక్కనే ఉంటుంది. బయట ఒక బెంచీ. బీపీ, షుగర్ ఉన్నవాళ్లంతా వంతు వచ్చేదాకా ఆ బెంచీ మీదే కూర్చుంటారు. ఎదురుగా చాయ హోటల్. ఆ బెంచీ మీద ఎవరు కూర్చున్నారో సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. ఊళ్లో మందుల షాపు ఒకటుంది కానీ, అది నా మీద నిలబడాలని చూస్తున్నవాడి బామ్మర్దిది. "పటేల్ పని ఖతం, ప్రచారంల్నే పడిపోతడు" అని వాళ్లు అనే మాట నా చెవుల్లో ముందే వినబడింది. అదొక్కటే కారణమా అంటే కాదు. మా నాయన కాలంలో మా అరుగు ఎక్కని మనుషుల పక్కన చెయ్యి చాపుకుని కూర్చోవడం నాకు చిన్నతనం అనిపించింది. ఆ మాట రాసే ముందు ఈ పేరా రెండుసార్లు కొట్టేశాను.

కొన్నాళ్లకు తలనొప్పులు మొదలయ్యాయి. పొద్దున లేస్తే మెడ వెనక బరువు. యశోద చూసింది. ఒకరోజు చాయ గ్లాసు పక్కన చిన్న తెల్ల గోలీ పెట్టింది.

"ఏందిది?"

"గోలీ. నాదే. ఏసుకో."

"నాకెందుకే?"

"ఎందుకో నీకు ఎరుక లేదా? గోలీ నాది, బీపీ నీది. మంచిగ కుదిరింది మన సంసారం" అంది.

నవ్వి మింగాను. "మరి నీకు?" అని అడిగాను. "నాకున్నయ్ తియ్" అంది. ఆ ప్రశ్న నేను ఆ ఒక్కసారే అడిగాను.

కాంటా దగ్గర నిలబడితే ఎన్ని బస్తాలకు ఎంత తరుగు పోతుందో నోటితో చెప్పే మనిషిని. ఒకరికి ఇచ్చిన గోలీలు ఇద్దరు మింగితే ఏమవుతుందో మాత్రం లెక్క వెయ్యలేదు. తెలియక కాదు. తెలియకుండా ఉండటానికి రోజూ కొంచెం కష్టపడ్డాను. పని మీద తరచూ కోదాడ వెళ్లేవాణ్ణి. యశోద తమ్ముడు జనార్దన్‌కు అక్కడ ఎరువుల షాపు ఉంది. దాని పక్కనే మందుల షాపు. డాక్టరుకు చూపించుకుని అక్కడ కొనుక్కోలేకపోయానా? కొంటే అది నా గోలీ అయ్యేది. ఆమె చేతిలోంచి తీసుకున్నంత కాలం అది ఆమె గోలీ, రోగమూ ఆమెదే. నేను రోగిని కాను.

నాట్ల వేళ

వానలు పడ్డాయి. నాకు తలనొప్పులు తగ్గాయి. ఒంట్లో హుషారు వచ్చింది. యశోద మాత్రం రెండు బిందెలు మోసి గోడకు ఆనుకుని నిలబడేది.

"ఏమైంది?"

"ఏం లేదు. జర దమ్ము తీసుకుంటున్న."

"వయసు మీద పడ్డది నీకు" అని నవ్వేవాణ్ణి.

ఆ నెల ఆమె దవాఖాన నుంచి వచ్చి కొత్త రంగు గోలీలు చూపించింది. బీపీ దిగడం లేదని పెద్ద డాక్టరు ఇంకో మందు కలిపాడట. ఉప్పు తగ్గించమన్నాడట.

"పచ్చళ్లు ఇడువవు గద. ఎట్ల దిగుతది?" అన్నాను. నిజంగానే అన్నాను ఆ మాట. యశోద నా వైపు చూసింది. బియ్యం చేట తీసుకుని వెళ్లిపోయింది. మర్నాడు నా చాయ పక్కన రెండు గోలీలున్నాయి.

నా చాయ పక్కన గోలీ రోజు విడిచి రోజు ఉండేది. ఉండని రోజున తను వేసుకుంటోందని తర్వాత తెలిసింది. గోలీ పనిచెయ్యడం లేదని ఆ డాక్టరు అనుకున్నాడు. ఇద్దరు మనుషులకు ఒక మనిషి వైద్యం అందుతోందని ఆయనకెట్లా తెలుస్తుంది? ఆయన దగ్గర ఆమె నోరు విప్పలేదు. విప్పితే నా పేరు బయటికి వస్తుంది. నా పేరు బయటికి రావద్దని ఇంట్లో నేను రోజూ చెప్పకుండానే చెబుతున్నాను.

కోతల వేళ

వరి కోతలప్పుడు మా ఇంట్లో పొయ్యి ఆరదు. పనివాళ్లకు, హమాలీలకు, ట్రాక్టర్ వాళ్లకు అందరికీ యశోదే వండాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే దవాఖానకు మందులు తక్కువ వచ్చాయి. అందరికీ సగం నెలకే ఇచ్చి, మిగతావి వచ్చాక కబురు చేస్తామన్నారు. ఆ సగాన్నీ మేం ఇద్దరం పంచుకున్నాం.

కొన్ని రోజులకు కమ్లి వడ్ల కొనుగోలు కేంద్రం దగ్గరికి వచ్చింది. నేను తేమ చూసే మిషన్ దగ్గర నిలబడి ఎవరితోనో గొడవ పడుతున్నాను.

"పటేలా, పటేలమ్మ గోలీలు వచ్చినయ్. రేపు జర తోలియ్యి. పోయినసారి గూడ ఎక్కువుండె. సూడకుండ ఇయ్యద్దంటున్నది సిస్టర్."

"సెప్త తియ్."

"యాదిమరువకు."

"సెప్త అన్న గద!"

చెప్పలేదు. మరిచిపోయానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. నిజం ఏమిటంటే, ఆమె దవాఖానకు పోతే ఆ పూట వంట ఎవరు చేస్తారు అనే మాట ఆ క్షణంలోనే నా మనసులో మెదిలింది. కాంటాలు అయ్యాక చూద్దాంలే అనుకున్నాను.

ఆ తర్వాత ఒక పొద్దున వాన మబ్బు కమ్మింది. వడ్లు తడుస్తాయని చాయ కూడా తాగకుండా కల్లం దగ్గరికి పరుగెత్తాను. బరకాలు కప్పుతుండగా మా ట్రాక్టర్ నడిపే సైదులు ఇంటి దగ్గర నుంచి ఫోన్ చేశాడు.

"పటేలా, అమ్మ మాట్లాడుతలేదు."

కోపమొచ్చిందేమో అనుకున్నాను. పొద్దున చాయ తాగకుండా పోయినందుకు అలిగిందేమో అనుకున్నాను. నా బుర్ర ముందు అటే పోయింది.

"కోపమా ఏంది?" అన్నాను.

"కాదు పటేలా. కింద పడ్డది. మూతి వంకరైంది. జల్ది రా."

సూర్యాపేటలో

కోదాడలో తలకు స్కాన్ తీశారు. మెదడులో నరం చిట్లి రక్తం వచ్చిందని, వెంటనే సూర్యాపేట తీసుకుపొమ్మని చెప్పారు. జనార్దన్ షాపు మూసి మాతో వచ్చాడు. హైవే మీద బండి ఎంత వేగంగా పోతున్నా నాకు నిలబడ్డట్టే ఉంది. యశోద తల నా ఒళ్లో ఉంది. ఎడమ చేత్తో పదే పదే తన కొంగును తడుముతోంది. ఏదో శబ్దం చేస్తోంది. "ఏందే? ఏం గావాలె?" అని వంగి అడుగుతున్నాను. ముప్పై ఏళ్లకు పైగా ఆమె మాటలు వినీ విననట్టు బతికాను. ఆ దారిలో ఒక్క మాట వినబడితే చాలనుకున్నాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది, నేను ఆ అబద్ధం చెప్పాను. జనార్దన్ పక్కనే ఉన్నాడు. అతని ముందు ఇంకో మాట రాలేదు.

"రెండు మందులు రోజూ వాడుతూ కూడా ఇంత ఉందంటే వేరే కారణం ఏదో ఉండాలి. కిడ్నీలు చూడాలి. మూడో మందు కూడా మొదలుపెట్టాల్సి వస్తుందేమో" అంది డాక్టరమ్మ. నేను తల ఊపాను. నా అబద్ధం మీద ఆధారపడి ఆమె మందులు ఆలోచిస్తోందని నాకు అర్థమైంది. అర్థమైనా తల ఊపాను.

మిర్యాలగూడ నుంచి మా అమ్మాయి స్వాతి వచ్చింది. అక్కడ ప్రైవేటు బడిలో టీచరు. అల్లుడు రైస్ మిల్లులో పనిచేస్తాడు. వచ్చీ రాగానే తల్లి చీర మార్పించింది. పాత చీర మడత పెడుతుంటే కొంగు ముడి చేతికి తగిలింది. విప్పింది. లోపల రెండు గోలీలు, రెండు రంగులవి.

నాకు వెంటనే తెలిసింది. చాయ తాగకుండా పోయానని, మధ్యాహ్నం సద్దితో పాటు పంపుదామని కట్టి పెట్టింది. దారి పొడవునా ఆమె తడుముకున్నది దాన్నే.

"అమ్మా!" అని స్వాతి కేక వేసింది. "వేసుకోకుండ కొంగున కట్టుకున్నవా? నెల నెలా ఫోన్ల ఏసుకుంటున్న బిడ్డా అని నాకు అబద్ధం చెప్పినవా?"

యశోద నోరు కదిలింది. మాట రాలేదు. స్వాతి ఏడుస్తూనే తిట్టింది. డాక్టరమ్మ వచ్చాక ఆమెకూ ఆ గోలీలు చూపించింది. "ఏమ్మా, ఇంత చదువుకున్న కూతురుంది, ఊళ్లో ఉచితంగా మందులిస్తున్నారు, నీకేం తక్కువైంది?" అని డాక్టరమ్మ మందలించింది. వార్డులో పక్క మంచాల వాళ్లు కూడా తలలు తిప్పి చూశారు. నా భార్య కళ్లు కూతురి మీద లేవు, డాక్టరు మీద లేవు. నా మీద ఉన్నాయి. కొంతసేపు చూసి మూసుకుంది.

"అప్పుడప్పుడు మర్చిపోతుండొచ్చు మేడం" అన్నాను.

ఆ మాట మొదటి అబద్ధం కంటే హీనం. మొదటిది నన్ను కాపాడింది. ఇది ఆమె మీదికి తోసింది.

బయట బెంచీ మీద కూర్చుంటే జనార్దన్ ఇడ్లీ పొట్లం తెచ్చి చేతిలో పెట్టాడు. "తినండి బావా. మీరు కూడా పడిపోతే ఎట్లా? అక్కది చిన్నప్పట్నుంచీ అంతే. తన సంగతి తను పట్టించుకోదు. మీరు మాత్రం ఏం చేస్తారు? చెప్పే ఉంటారు" అని నా భుజం మీద చెయ్యి వేశాడు. ఎవరైనా నన్ను చెంప మీద కొట్టినా అంత బాధ అనిపించేది కాదు. ఇడ్లీ తిన్నాను. ఆకలిగా ఉంది, తిన్నాను.

రోజులు అట్లా గడిచాయి. వార్డు బయట పేర్లు పిలిచినప్పుడల్లా లేచి నిలబడేవాణ్ణి. పక్క మంచం ఆమెను ఒక పొద్దున తీసుకుపోయారు, మంచం ఖాళీ అయింది. ఆమె కొడుకు తన దుప్పటి నాకిచ్చి, "నీకు పనికొస్తది పెదనాయినా" అని వెళ్లిపోయాడు. పేరు కూడా అడగలేదు.

యశోదకు మింగడం వచ్చిందని తేలాక నర్సు గోలీ ఆమె ఎడమ చేతిలో పెట్టింది. స్వాతి నీళ్ల గ్లాసు పట్టుకుంది. యశోద గోలీని కొంతసేపు చూసింది. తర్వాత ఆ చెయ్యి నెమ్మదిగా నా వైపు చాచింది.

అలవాటు కొద్దీ చాచిందో, బుర్ర ఇంకా తేటపడక చాచిందో, అందరి ముందు నన్ను అడగదలచుకునే చాచిందో ఇప్పటికీ నాకు తెలియదు.

"అమ్మా, నీది అది. నాయినకెందుకు?" అంది స్వాతి.

అప్పుడు చెప్పాను. "నాకే ఇస్తుండె బిడ్డా. రోజు ఇడిసి రోజు. ఎండకాలం నుంచి. నాకు బీపీ ఉన్నది. మీ అమ్మ మర్సిపోలే. నేనే మింగిన."

స్వాతి గ్లాసు కింద పెట్టింది. "ఎందుకు?" అంది. నేను బెంచీ గురించి, హోటల్ గురించి, ఎన్నికల గురించి ఏదో చెప్పబోయాను. నా చెవులకే ఆ మాటలు తేలిపోయినట్టు వినిపించాయి.

"పొద్దున్నే చాయ తాగుకుంట అమ్మ ముఖం చూసేటోనివి గద నాయినా. ఏమనిపియ్యలేదా?"

జనార్దన్ లేచి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. అటు తిరిగే అన్నాడు: "నా షాపు పక్కనే మందుల షాపు బావా. నాకొక్క మాట చెబితే తెచ్చిచ్చేవాణ్ణి కదా. ఎవరికీ చెప్పేవాణ్ణి కూడా కాదు."

నేనే వెళ్లి డాక్టరమ్మకు చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఆమె చాలా అలసిపోయి ఉంది. "ముందే చెబితే ఈ కిడ్నీ పరీక్షల గోల తప్పేది" అని, మూడో మందు ఆలోచన పక్కన పెట్టింది. తర్వాత నర్సును పిలిచి పట్టీ నా చేతికి కట్టమంది. అంకె చూసి పెదవి కొరికింది. "ఇంకోసారి వస్తే ఆమెను దక్కించుకోవడం కష్టం. మీకు మొదటిసారి వచ్చినా అంతే. ఇంటికి వెళ్లాక నేనుండను. మీ ఊళ్లో వాళ్లే చూడాలి, మీరే వెళ్లాలి" అంది.

మిర్యాలగూడలో

స్వాతి తల్లిని తన ఇంటికి తీసుకుపోయింది. చేతికి, కాలికి వ్యాయామం చేయించే ఆయన మిర్యాలగూడలో ఉన్నాడు. నన్ను రమ్మనలేదు, వద్దనలేదు. నేను బస్సులో వెళ్లి వస్తుండేవాణ్ణి. స్వాతి అన్నం పెట్టేది. కూర వడ్డించేది. నాతో మాట్లాడేది కాదు. ఏదైనా చెప్పాల్సి వస్తే గోడకు చెప్పినట్టు చెప్పేది: "రేపు అమ్మకు వ్యాయామం లేదు."

యశోద బంతి పట్టుకోవడానికి వేళ్లు ముడుచుకోలేక చెమటలు కక్కుతుంటే ఎదురు కుర్చీలో కూర్చుని చూసేవాణ్ణి. ఆమె తల కొంచెం వాలినా, మాట కొంచెం తడబడినా, మళ్లీ వచ్చిందేమోనని ఆమె మూతి వైపు చూసేవాణ్ణి. ఒకసారి కుర్చీలోనే కునుకు తీసింది. నేను కేక వేశాను. కళ్లు తెరిచి విసుగ్గా చూసింది.

మాటలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. ముందు "నీళ్లు". తర్వాత "వద్దు". ఆ వద్దును మాత్రం బాగా వాడింది. ఒకరోజు మేమిద్దరమే ఉన్నప్పుడు, ఇన్నాళ్లూ అడగనిది అడిగాను. "నీ గోలీ నాకెందుకిచ్చినవే? నన్ను తిట్టి దవాఖానకు తోలొద్దా?"

చాలాసేపు మాటలు కూడదీసుకుంది.

"నువ్వు పడితె... నేను ఎత్తలేను" అంది. ఆగింది. "నేను పడితె... నువ్వు ఎత్తుతవనుకున్న."

ఆమె నన్ను నమ్మింది. దానికి ఏ క్షమాపణ సరిపోతుందో నాకు తెలియలేదు. ఊరికే ఆమె చెయ్యి పట్టుకుని, ముడుచుకోని వేళ్లు ఒక్కొక్కటీ ముడిచి తెరిచాను, వ్యాయామం చేయించే ఆయన చూపించినట్టు. "నొప్పి... మెల్లగ" అని కసిరింది.

ఆ మధ్యలోనే ఊళ్లో నామినేషన్లు పడ్డాయి. నేను వెయ్యలేదు. భార్య కోసం పటేల్ సర్పంచ్ పదవి వదులుకున్నాడని ఊళ్లో మెచ్చుకున్నారు. ఆ మెప్పును కూడా కొన్నాళ్లు కాదనకుండా తీసుకున్నాను. బుద్ధి అంత తొందరగా మారదని అప్పుడే అర్థమైంది.

ఊరి బెంచీ మీద

యశోద ఊరికి తిరిగొచ్చాక మొదటి నెల నేనొక్కణ్ణే దవాఖానకు వెళ్లాను. బెంచీ మీద తండా ఆడవాళ్లు, మా వీధి ముసలాయన ఒకాయన ఉన్నారు. ఎదురుగా హోటల్లో మాటలు ఆగాయి.

తండా నుంచి వచ్చిన ఒక ముసలామె సర్దుకుని చోటిచ్చింది. "రా పటేలా, కూసో. గీడ అన్ని పార్టీలోళ్లం ఉంటం" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. హోటల్ వైపు చూడకుండా కూర్చున్నాను.

కమ్లి పట్టీ కట్టింది. సిస్టర్ అంకె గట్టిగా చదివింది. హోటల్ దాకా వినపడి ఉంటుంది. వినపడనీ అనుకోవడానికి కొంచెం టైం పట్టింది.

"ఎండకాలంల నిన్ను అన్న మాట..." అని కమ్లితో మొదలుపెట్టాను.

"ఏ మాట పటేలా? శాన మాటలంటవ్ నువ్వు. ఏదని యాదుంచుకుంట?" అంది పట్టీ విప్పుతూ. నవ్వలేదు, కోప్పడలేదు. "అమ్మను గూడ తోల్కరా. ఆమెను సూడకుండ ఆమె గోలీలు నీకియ్యం" అంది. ఆ మాట ఊరికే అందో, విషయం తెలిసి అందో అడగలేదు. మా ఊళ్లో ఏదీ దాగదు.

ఇప్పుడు ఇద్దరి గోలీలూ వేరువేరు డబ్బాల్లో ఉంటాయి. మందులు తక్కువొచ్చిన నెల కోదాడ వెళ్లి మిగతావి కొంటాను. జనార్దన్ షాపులో కూర్చోబెట్టి చాయ తెప్పిస్తాడు, మాటలు మాత్రం తక్కువ. స్వాతి ఫోన్లో ముందు తల్లిని అడుగుతుంది, తర్వాత "నాయిన వేసుకున్నడా?" అని తల్లినే అడుగుతుంది. అంతవరకు వచ్చింది.

ఇది చదివే వాళ్లకు ఒక్కటే చెప్పగలను. మీ ఇంట్లో ఒకరి మందు ఇద్దరు మింగుతున్నారేమో చూడండి. ముఖ్యంగా మీరు మింగేది ఎవరిదో చూడండి. అది ప్రేమతోనే ఇచ్చి ఉండవచ్చు. అందుకే అడగాలి.

పోయిన నెల యశోద నడిచే వస్తానంది. ఎడమ చేతిలో కర్ర, కుడి కాలు కొంచెం ఈడుస్తూ. నేను పక్కన, పట్టుకోకుండా, పట్టుకునేంత దగ్గరగా. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. రెండుచోట్ల ఆగింది. ఆగిన ప్రతిసారీ నేను ఆమె మూతి వైపు చూశాను. "సూడకు గట్ల. బతికే ఉన్న" అంది.

దవాఖానలో అప్పటికే జనం ఉన్నారు. వంతు వచ్చాక సిస్టర్ పట్టీ తీసుకుని నా వైపు తిరిగింది. అలవాటు అది. ఏ ఇంటి నుంచి ఆలుమగలు వచ్చినా ముందు మగవాడి చెయ్యే పట్టుకుంటారు. నేను కూడా, ఇంత జరిగాక కూడా, కుర్చీలో కూర్చుని చొక్కా చెయ్యి పైకి మడుస్తున్నాను.

యశోద కర్ర గోడకు ఆనించింది. ఎడమ చెయ్యి చాచి బల్ల మీద పెట్టింది.

"ముందుగాల నాకు" అంది. మాట ఎక్కడా తడబడలేదు.

నేను లేచి ఆమెకు కుర్చీ వదిలాను. కమ్లి సిస్టర్ చేతిలోంచి పట్టీ తీసుకుని చుట్టింది. గాలి ఎక్కుతుంటే పట్టీ బిగిసింది. మేమందరం అంకె కోసం చూస్తూ నిలబడ్డాం.